కిటికీ లేని ఇంటి నుంచి కిటికీ ఏసీ గారికి

మహారాజశ్రీ 5,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) కిటికీ ఏసీ గారి సముఖమునకు పాపప్ క్యాంపర్ యజమానులు రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ టెక్సాస్‌లో ఆగస్టు. మధ్యాహ్నానికి వంద ఫారన్‌హీట్ దాటుతోంది, మన లెక్కలో 38 డిగ్రీలు. కాబట్టి కుశలమన్న మాట మర్యాదకు రాసిందే.

తమరు పుట్టింది గట్టి గోడలో బిగించిన కిటికీ చట్రంలో కుదురుగా కూర్చోవడానికి. మా ఇల్లు చూస్తే తమరికి నవ్వొస్తుంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే పొట్టి పెట్టె అది. క్యాంపుకు చేరాక హ్యాండిల్ తిప్పితే కప్పు లేస్తుంది, రెండు కొసలా మంచాలు బయటికి జారతాయి, చుట్టూ గుడ్డ గోడలు సాగుతాయి. కిటికీలు లేకపోలేదు. జిప్పు తీస్తే వల, జిప్పు వేస్తే గుడ్డ. నలభై పౌండ్ల తమరి దేహాన్ని వల మీద కూర్చోబెట్టడం మా వల్ల కాదు.

అయినా తమరినే ఎందుకు పిలిచామంటారా? ప్రేమతో కాదు. కప్పు మీద కూర్చునే ఏసీ గారి బరువు భరించలేక. ఆయన సాధారణంగా 13,500 బీటీయూ, 80 నుంచి 100 పౌండ్లు, కూర్చోవడానికి కప్పులో పద్నాలుగు అంగుళాల చదరపు కన్నం కావాలి. పాత పాపప్‌ల కప్పులో ఆ బరువుకు తగిన దూలాలుండవు. కప్పును లేపే ఉక్కు తీగలు కూడా ఆ బరువు లెక్కేసుకుని వేసినవి కావు. పైగా ఆయన నడుస్తుంటే 13 ఆంపియర్ల చుట్టూ కరెంటు లాగుతాడు. తమరైతే నాలుగైదు ఆంపియర్లతో, రెండొందల డాలర్లలోపు ధరతో వచ్చేస్తారు.

తమరి సామర్థ్యం హైదరాబాద్ చుట్టాలకు చెబితే పెదవి విరుస్తారు. "అర టన్ను కూడా కాదా?" నిజమే, కాదు. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ. 907 కిలోల మంచు ఒక రోజులో కరగడానికి పట్టే వేడి. ఆ లెక్కన తమరు రోజుకు సుమారు 378 కిలోల మంచుతో సమానం. ఒక చిన్న పెట్టెకు అది తక్కువేం కాదు. అయితే 150 చదరపు అడుగుల గదికి చాలునని తమరి అట్టపెట్టె మీద రాసుకునే అంకె గోడలున్న గదికి వర్తిస్తుంది. మాది పెళ్ళి పందిరికి ఏసీ పెట్టిన బాపతు. పెట్టె పన్నెండు అడుగుల పొడవుంటే తమరిని కాక, 8,000 బీటీయూ గల తమరి అన్నగారిని పిలవడం మేలు. ఆయనకు ఆరేడు ఆంపియర్లు కావాలి, తమరి కంటే ఎక్కువ తూగుతాడు.

ఇక తమరి ఆసనం సంగతి. తమరి ముఖం చల్లగా ఉంటుంది గనుక అందరూ దాన్నే చూసి కన్నం కొలుస్తారు. తమరి బతుకంతా వీపులో ఉందని ఎవరికీ తట్టదు. రెండు పక్కలా, నెత్తినా ఉన్న చీలికల్లోంచి బయటి గాలి పీల్చుకుని, వేడిని బయటికి వదిలే కండెన్సర్ కాయిల్ మీదుగా తోసి, వెనక నుంచి వేడిగా వదలడం తమరి పద్ధతి. కాబట్టి ఆ చీలికలు గోడకు అవతల ఉండి తీరాలి. కొందరు తమరి వీపును బయటి గోడతో సమంగా ఆపి, ఏమీ పొడుచుకు రాలేదని మురిసిపోతారు. చీలికలు ఇంట్లోనే మిగిలిపోతాయి. తమరు ముందు నుంచి చల్లబరిచిన గాలినే పక్క నుంచి పీల్చి, వేడిచేసి వీధిలో పారేస్తుంటారు. అలా పోయిన గాలి చోటు నింపడానికి ప్రతి వెల్క్రో సందులోంచీ బయటి వేడి లోపలికి దూరుతుంది. రాత్రి పదైనా థర్మామీటర్ ముల్లు దిగదు. అప్పుడు తిట్లు తినేది తమరే: "చవకది కొంటే ఇంతే!"

ఇంకో తరగతి మేధావులు తమరిని సీటు కింది అరలో పూర్తిగా మూసేసి వెనక ఒక జాలీ బిగిస్తారు. తమరు వదిలిన వేడి గాలిని తమరే మళ్ళీ పీలుస్తారు. గ్యాస్ ఒత్తిడి పెరిగి, కాసేపటికి కంప్రెసర్‌ను కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్చు పడిపోతుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది గనుక ఏసీ నడుస్తోందనే అనుకుంటారు. అరలో పెట్టక తప్పదంటే లోపల ప్లైవుడ్ అడ్డం కట్టి గాలి వచ్చే దారినీ వేడి పోయే దారినీ విడదీయాలి. వచ్చే జాలీ వైశాల్యం తమరి చీలికలన్నీ కలిపినంతైనా ఉండాలి. దాని మీద దోమల వల బిగిస్తే ఆ వైశాల్యంలో పెద్ద భాగం గల్లంతు. వేడి పోయే వైపు ఒకటిన్నర అడుగుల దూరంలో చెట్టు గానీ కారు గానీ ఉండకూడదు.

మేం సిఫార్సు చేసే మర్యాదైన ఆసనం వేరు. చాలా క్యాంపర్లకు సీటు కింద సామాను పెట్టుకోవడానికి బయటి నుంచి చిన్న తలుపు ఉంటుంది. తమరి ఎత్తు సుమారు 12 అంగుళాలు, వెడల్పు 16. ఆ తలుపు అంతకంటే పెద్దదైతే గోడ కోయనక్కర్లేదు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక మీద తమరిని కూర్చోబెట్టి, పలకను వంద పౌండ్ల మోత గల డ్రాయర్ స్లైడ్‌ల మీద పెడితే, క్యాంపులో బయటికి జారి చీలికలు గాలిలోకి వస్తాయి, ప్రయాణంలో లోపలికి పోయి తలుపు మూసుకుంటుంది. రెండు స్థానాల్లోనూ గడియ పెట్టాలి. డ్రాయర్ స్లైడ్ తనంతట తాను ఆగి ఉంటుందని నమ్మేవారు మొదటి స్పీడ్ బ్రేకర్ దాకానే నమ్ముతారు.

అలాంటి తలుపు లేదనుకోండి, గోడ కోయాల్సిందే. టేపు పట్టుకునే ముందు కప్పు దించి, మంచాలు లోపలికి తోసి కొలవాలి. ఎందుకంటే మూసినప్పుడు మంచాలు సీట్ల మీదుగా జారి వస్తాయి. వాటి కింద మిగిలే జాగాలోనే తమరు ఇమడాలి. నిలబెట్టిన క్యాంపర్‌లో కొలిచి కోసినవారి ఏసీ నెత్తి మంచం పట్టాకు తగిలి, మళ్ళీ ఇల్లు మూతపడదు. ఆ గోడలో ఏముందో కూడా చూసుకోవాలి. ప్రొపేన్ గొట్టం, కరెంటు తీగలు, కొన్ని మోడళ్ళలో కప్పు లేపే తీగలు కూడా ఉంటాయి. గోడ అంటే పెద్దగా ఏం లేదు. బయట పల్చని అల్యూమినియం రేకు, లోపల సన్నని ప్లైవుడ్, మధ్యలో అక్కడక్కడా చెక్క కమ్మీలు.

లోపలి నుంచి నాలుగు మూలలా ఎనిమిదో వంతు అంగుళం రంధ్రాలు వేసి, బయటికొచ్చి అవి ఎక్కడ తేలాయో చూసుకున్నాకే గీత గీయాలి. గీత మీద మాస్కింగ్ టేప్ వేసి, సన్నపళ్ళ మెటల్ బ్లేడుతో జిగ్‌సా నడిపితే రేకు చిరగదు. కన్నం తమరి ఒడ్డూ పొడుగుల కంటే పావు అంగుళం పెద్దగా, అదనంగా చుట్టూ వేసే చట్రం చెక్కల మందంతో ఉండాలి. చట్రాన్ని జిగురుతో, స్క్రూలతో పాత కమ్మీలకు కలపాలి. బయటి అంచుకు అల్యూమినియం యాంగిల్, దాని కింద నీళ్ళు దూరనివ్వని జిగురు పట్టీ, అంటే బ్యూటైల్ టేప్, పై అంచు మీద నీళ్ళు పక్కకు జారడానికి చిన్న చూరు పట్టీ. సిలికాన్ ట్యూబు పట్టుకుని ఉత్సాహపడేవారు ఉంటారు. అది ఒకసారి పూస్తే తర్వాత దాని మీద ఇంకేదీ అంటదు, ఊడినప్పుడు గీకలేక చావాలి. కప్పుకు వాడే, దానంతటదే పరుచుకునే సీలెంట్ నిలువు గోడ మీద కారిపోతుంది, కారని రకం విడిగా అమ్ముతారు. సీలింగ్ తప్పితే నీళ్ళు రేకు వెనక ప్లైవుడ్‌లోకి చేరి అది నెమ్మదిగా కుళ్ళిపోతుంది. వేలితో నొక్కితే లోపలికి పోయే దాకా బయటికి ఏమీ తెలియదు.

తమరి బరువు ఆ గోడకు అప్పగించకూడదు. కింద టూ బై ఫోర్ చెక్క కాళ్ళ మీద ప్లైవుడ్ పలక, మధ్యలో రబ్బరు చాప, పైనుంచి పట్టీ కట్టి నేల చట్రానికి బిగింపు. తమరి డొక్కలో ఇష్టం వచ్చినట్టు స్క్రూ దింపరాదని మాకు తెలుసు. కాయిల్‌కో రాగి గొట్టానికో తగిలితే గ్యాస్ మొత్తం ఒక్క ఈలలో పోతుంది. కంపెనీ వేసిన రంధ్రాలనే వాడి, అర అంగుళం స్క్రూలతో సరిపెడతాం. తమరిని పక్కకు పడుకోబెట్టి తెచ్చామంటే, నూనె కంప్రెసర్‌లోకి దిగేదాకా నిలబెట్టి ఒక రోజు ఆగుతాం.

ఏ కొసన కూర్చుంటారన్నదీ చూడాలి. బండి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు టంగ్ మీద, అంటే కారుకు తగిలించే కమ్మీ మీద పడాలి. తమరు వెనక కొసన కూర్చుంటే ముందు తేలికై, హైవే మీద క్యాంపర్ తోక ఊపడం మొదలెడుతుంది. ముందు కూర్చుంటే ఆ బాధ లేదు గానీ కారు టైర్లు చిమ్మే నీళ్ళూ రాళ్ళూ తమరి వీపు మీదే. అందుకని మూత. ఆ మూత తీయకుండా తమరిని ఆన్ చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కోసం స్విచ్చు దగ్గర ఎర్ర రిబ్బను కట్టే ఆచారం పెట్టుకోవాలి.

తమరి చెమట సంగతి ఇంకా వినండి. ఇంట్లో అయితే తమరిని పావు అంగుళం బయటికి వంచి బిగిస్తే సరి, జీవితాంతం అదే వంపు. మా ఇల్లు వారానికో నేల మీద నిలుస్తుంది. కాబట్టి తమరి వంపును నిర్ణయించేది బండి మట్టం. ముందు ఒక చక్రం కింద చెక్కలు పెట్టి ఎడమ కుడి సరిచేసి, ఆ తర్వాత టంగ్ జాక్‌తో ముందు వెనక సరిచేయాలి. మూలల్లో ఉండే స్టెబిలైజర్లు బండి కదలకుండా ఆపడానికే, ఎత్తడానికి కాదు. తమరు ముందు కొసన ఉంటే జాక్ రెండు చుట్లు దించితే నీళ్ళు బయటికి, రెండు చుట్లు ఎత్తితే పరుపులోకి. పాలో డ్యూరో లోయలో ఎండుగాలికి ఈ తేడా తెలియదు. గాల్వెస్టన్ సముద్రపు తేమలో ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. లోపల గలగలమంటే కంగారు పడక్కర్లేదు. తమరి ఫ్యాను రింగు ఆ నీటినే కాయిల్ మీదకు చిమ్మి చల్లబరుచుకుంటోంది. ఆ మోతకు భయపడి అడుగున డ్రిల్ పెట్టేవారికి దండం.

కరెంటు విషయంలో తమరు మితాహారి. మేమే కాదు. క్యాంపర్‌లో తరచు ఒకే 15 ఆంపియర్ల సర్క్యూట్ ఉంటుంది. తమరు ఐదు తీసుకుంటుండగా మావాళ్ళు 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ మీద సాంబారు పెడతారు. అదొక్కటే 15 ఆంపియర్లు. బ్రేకర్ పడటంలో ఆశ్చర్యం లేదు. తమరికి వేరే సర్క్యూట్ వేయాలి. బయటి నుంచి తీగ లాగితే 12 గేజ్‌ది, పాతిక అడుగులకు మించకుండా. తీగ చివర టెస్ట్, రీసెట్ బటన్లున్న లావుపాటి ప్లగ్గు తమరికి అలంకారం కాదు, తీగ నలిగి లీకైతే కరెంటు ఆపేది అదే. తీగ పొడవు చాలలేదని దాన్ని కోసేయడం మంచిది కాదు. శనివారం సాయంత్రం పార్కంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. చవక మీటరు ఒకటి గుచ్చి ఉంచి, 104 వోల్టుల కిందికి దిగితే తమరికి విశ్రాంతి ఇవ్వాలి. జనరేటరుంటే 2,000 వాట్ల తరగతిది తమరిని మోస్తుంది గానీ, చాలా క్యాంపుల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా దాన్ని నడపనివ్వరు. అంటే నిద్రపోయే వేళకే తమరు సెలవులో ఉంటారు.

ఇంత చేసినా తమరు చల్లబరిచేది మోకాళ్ళనే. తమరి ఆసనం నేల దగ్గర, మా పడక మూడడుగుల పైన. చల్లగాలి బరువైనది, కింద పేరుకుని కూర్చుంటుంది. తమరి ముందు రెక్కలు పైకి తిప్పి, ఎదురుగా ఎనిమిది అంగుళాల ఫ్యాను పెట్టి మంచాల వైపు తోయాలి. తమరి ముక్కుకు అడ్డంగా దిండ్లు, బ్యాగులు పెట్టకూడదు. మంచాల గుడ్డ కప్పుల మీద వెండిరంగు మెరుపు పట్టాలు కప్పితే ఎండ వెనక్కి పోతుంది. ఇది తమరికి ఇంకో 3,000 బీటీయూ ఇచ్చినదాని కంటే ఎక్కువ మేలు చేస్తుందని మా నమ్మకం. నీడలో ఆపడం అంతకంటే మేలు, పైసా ఖర్చు లేదు. ఉదయం పదింటికే తమరిని ఆన్ చేయాలి. మధ్యాహ్నం రెండింటికి పరుపులు, చెక్క, రేకు అన్నీ కాగిపోయాక పిలిస్తే తమరేం చేస్తారు? సందులన్నీ మూసి తమరిని నడిపే వేళ లోపల గ్యాస్ పొయ్యి వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కొత్త బ్యాటరీలతో గోడకు ఉండాలి.

పై షరతులు తమరికి సమ్మతమైతే దయచేయగలరు.

ఇట్లు,
తమరి రాక కోసం చెమటోడుస్తున్న
పాపప్ క్యాంపర్ యజమానులు

తా.క. తమరి కుటుంబంలో రిమోట్‌తో, డిజిటల్ అంకెలతో వచ్చే చిన్నవాళ్ళు వద్దు. పార్కులో కరెంటు పోయి వస్తే వాళ్ళలో కొందరు మళ్ళీ ఎవరో నొక్కేదాకా అలిగి కూర్చుంటారు. చేత్తో తిప్పే రెండు నాబ్‌లున్న పాతకాలపు మనిషినే పంపండి. కరెంటు రాగానే ఆయన తనే లేస్తాడు. ఆ తొందర కూడా మంచిది కాదు గనుక, కరెంటు పోగానే నాబ్ ఆఫ్‌లో పెట్టి, వచ్చాక మూడు నిమిషాలు ఆగి తిప్పుతాం. లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకోకముందే కంప్రెసర్ లేవబోతే లేవలేక బ్రేకర్‌ను పడగొడుతుంది.