సగటు చాటున ఎండుతున్న చేలు

రోహిణి కార్తె సగానికి వచ్చేసరికి అందరి చూపూ కేరళ తీరం మీదే. జూన్ 1కి ముందే నైరుతి వస్తే సంబరం, నాలుగు రోజులు ఆలస్యమైతే ఆందోళన. నిజానికి ఆ తేదీకీ సీజన్ మొత్తం వానకూ పొత్తు తక్కువ. 2009లో మే 23నే రుతుపవనాలు కేరళను తాకాయి. ఆ ఏడాది దేశంలో 22 శాతం లోటుతో కరవు వచ్చింది.

తెలుగు నేల మీద ఎక్కడెంత కురుస్తుందో తేల్చేది గాలి నడిచే దారి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి పడమటి కనుమలు ఎక్కేటప్పుడే తేమలో పెద్ద వాటాను అక్కడే దించేస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కనుమలు దిగుతూ వేడెక్కి పొడిబారిన అదే గాలి అనంతపురం దాకా వచ్చేసరికి వట్టిపోతుంది. ఏడాది పొడవునా పడే వానంతా కలిపినా ఆ జిల్లాకు దక్కేది దాదాపు 550 మి.మీ. మాత్రమే.

తెలంగాణకు, ఉత్తరాంధ్రకు ప్రధాన ఆధారం బంగాళాఖాతం. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరాల వద్ద పుట్టిన అల్పపీడనం వాయవ్యంగా కదిలితే, దానికి నైరుతి దిక్కున ఉన్న ప్రాంతాల్లో వాన దంచికొడుతుంది. ఆదిలాబాద్, ములుగు వైపు ముసురు పట్టేది అందుకే. ఉత్తర భారతం మీదుగా సాగే అల్పపీడన పట్టీ, అంటే రుతుపవన ద్రోణి, హిమాలయాల పాదాల దగ్గరికి జరిగిపోతే తెలంగాణలో వాన మొహం చాటేస్తుంది. రాయలసీమలో అడపాదడపా సాయంత్రపు ఉరుముల వానలు ఆ రోజుల్లోనే పడుతుంటాయి. నెల్లూరు లెక్క వేరు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య గాలులతోనే వస్తుంది. జూన్ లోటు అక్కడి రైతును పెద్దగా కంగారుపెట్టదు. స్వాతి కార్తెలో చినుకు పడకపోతేనే గుబులు.

ఇన్ని తేడాలున్న నేలకు ప్రభుత్వాలు ఒకే కొలబద్ద పెడుతున్నాయి: సగటు. వాతావరణ శాఖ లెక్కలో 19 శాతం లోటు వరకూ జిల్లా వర్షపాతం ‘సాధారణం’ కిందికే వస్తుంది. 2023 తెలంగాణను చూడండి. జూలై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మి.మీ. కురిసింది. వెంటనే వచ్చిన ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. జూలైలో చేలు మునిగాయి, ఆగస్టులో ఎండాయి. సీజన్ ముగిశాక రాష్ట్ర సగటు మాత్రం సాధారణానికి పైనే తేలింది. ఆ అంకెను చూసి తృప్తిపడటం రైతుకు చేసే అన్యాయమని మేం భావిస్తున్నాం.

ఏటా మోసం జరిగేది తొలకరిలోనే. 20 మి.మీ. వాన అంటే ఎకరం మీద సుమారు 80 వేల లీటర్ల నీరు. వినడానికి చాలానే అనిపిస్తుంది గానీ, వేసవంతా ఎండి నెర్రెలిచ్చిన నల్లరేగడిలో పై పొర తడవడానికే అది సరి. విత్తనం ఆ తడికి మొలుస్తుంది, వేరు కిందికి దిగబోతే పొడి మట్టి తగులుతుంది, పది రోజులు వాన జాడ లేకపోతే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం, మళ్లీ కూలీ, మళ్లీ అప్పు. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మి.మీ. పడ్డాకే విత్తమంటారు. ఊళ్లో వానమాపకం లేకపోతే పారతో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట పట్టి చూడాలి. ముద్ద కట్టకుండా రాలిపోతే ఇంకో వాన కోసం ఆగాల్సిందే.

అలాగని ఎంతకాలమైనా ఆగలేం. వర్షాధార పత్తికి జూలై 20 గడువు. ఆ తర్వాత వేస్తే కాయ ఊరే వేళకు నేలలో పదును ఉండదు. కందిని ఆగస్టు మొదటి పక్షం దాకా వేయవచ్చు, కానీ ఆలస్యమైన కొద్దీ మొక్క ఎదుగుదల తగ్గుతుంది కాబట్టి సాళ్లు దగ్గర చేయాలి. విత్తాక బెట్ట వస్తే పై మట్టిని గుల్లచేసే గుంటక తోలి నెర్రెలు పూడ్చాలి, 2 శాతం యూరియా ద్రావణం పిచికారీ చేయాలి. ఇవి కొత్త సంగతులేమీ కావు. సరైన రోజున సరైన మండలానికి చేరడం లేదన్నదే మా బాధ.

చేరవేయాల్సిన యంత్రాంగాన్నే కుదించారు. కృషి విజ్ఞాన కేంద్రాల్లో నడిచిన జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను కేంద్రం 2024లో మూసేసింది. 2025 మేలో ప్రతి 6 కిలోమీటర్ల ప్రాంతానికీ విడిగా వాతావరణాన్ని అంచనా వేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను ప్రారంభించింది. ఇంత సూక్ష్మంగా చెప్పే అంచనాను ఊరి నేలకూ పంటకూ అన్వయించి చెప్పే మనిషి జిల్లాలో లేకపోతే ఆ ఖర్చుకు ఫలమేమిటి? ఆ విభాగాలను కేంద్రం పునరుద్ధరించాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ప్రతి మండలంలో సాగు మొదలయ్యాక ఎన్ని రోజులు వరుసగా వాన లేదో సగటుతో పాటు రోజూ ప్రకటించాలి. కంది, కొర్ర, ఉలవ, అలసంద వంటి ప్రత్యామ్నాయ విత్తనాలను బెట్ట ముదిరాక టెండర్లు పిలిచి కొనడం మాని, జూన్ నెలాఖరుకే మండల గోదాముల్లో నిల్వ చేయాలి.