మాంసానికి లేని మైల తోలుకెందుకు?

ఆదివారం పొద్దున విశాఖలో ఏ మటన్ షాపు దగ్గర చూసినా జనమే. పూర్ణా మార్కెట్ అయినా గాజువాక అయినా అంతే. బోటీ, లివర్, కాళ్లు, మెదడు అన్నీ అమ్ముడుపోతాయి. ముందుగా చెప్పి పెట్టుకోకపోతే తలకాయ దొరకదు. మేకలో మనకు అక్కర్లేనిది ఒక్క తోలే. అది షాపు వెనక గోనెసంచిలో పడి ఉంటుంది. తీసుకెళ్లేవాడు వస్తే సరే, రాకపోతే కుళ్లి చెత్తబండి ఎక్కుతుంది. సాయంత్రం మనమే షాపింగ్‌కి వెళ్లి, బొచ్చులా మెత్తగా ఉన్నాయని పాలిస్టర్ ఫర్ కుషన్ కవర్లు కొని తెచ్చుకుంటాం. నాకు ఇది బొత్తిగా మింగుడుపడదు. బొచ్చు తీయకుండా పదును చేసిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసి మెత్తబరచిన, మేక తోలుతో కుషన్లు, పీట కవర్లు, మంచం పక్కన వేసుకునే తివాచీలు మన ఇళ్లలోనే, మన కుట్టు మిషన్ల మీదే కుట్టుకోవాలి. దాన్ని ఒక ఉపాధిగా ఈ నగరం నిలబెట్టాలి.

తోళ్ల ధర ఎలా పడిపోయిందో తెలిసిందే. ఒకప్పుడు వందల్లో పలికిన మేక తోలు పదుల్లోకి దిగింది. బక్రీద్ తోళ్ల విరాళాల మీద ఆధారపడిన మదర్సాలకు ఆ ఆదాయం ఎండిపోయింది. చెప్పుల కంపెనీలు సింథటిక్ వైపు మళ్లాయి. సరుకు మాత్రం తగ్గలేదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. ఈ లెక్కలో తెలంగాణ తర్వాత దేశంలో మనమే. పైగా మన నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే ఉంటాయి. కాబట్టి ‘మన ఉక్కపోతలో ఫర్ ఏంటండీ’ అని నవ్వేవాళ్లు ఒకసారి ఆ తోలు మీద చెయ్యి వేసి చూడాలి. మేక తోలైనా, ఈ గొర్రె తోలైనా సైబీరియా కోటులా ఉండదు. వెంట్రుకల మధ్య గాలి ఆడుతుంది, ఒంటికి అంటుకోదు.

జంతు ప్రేమికుల అభ్యంతరం నాకు తెలుసు, వాళ్ల మీద గౌరవమూ ఉంది. ఫర్ అంటే క్రూరత్వం అంటారు. కేవలం బొచ్చు కోసం బోనుల్లో పెంచి చంపే మింక్, నక్కల విషయంలో అది నూటికి నూరు పాళ్లు నిజం. 2017లో మన దేశం మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని నిషేధించడం మంచి పని. పులి, చిరుత, జింక తోళ్ల సంగతి 1972 వన్యప్రాణి చట్టం ఎప్పుడో తేల్చేసింది. కంబాలకొండ అడవిని ఆనుకుని బతుకుతున్న ఊరికి ఆ చట్టం విలువ ఒకరు చెప్పాలా? కానీ మేకను తోలు కోసం ఎవరూ కోయరు. మాంసం కోసం కోస్తారు. తోలు పారేసినంత మాత్రాన ఒక్క మేక ప్రాణమూ నిలబడదు. మాంసమే తినని వారు ఈ తోలు నాకొద్దంటే ఆ మాటకు తల వంచుతాను. కేజీ మటన్ సంచి చేతిలో పట్టుకుని అదే మాట అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక కుట్టు. అసలు నన్ను కట్టిపడేసింది ఇదే. అల్లిపురంలో బ్లౌజులు కుట్టే ఒకావిడ చెన్నై నుంచి తెప్పించిన మేక తోలుతో కుషన్ కుడుతుంటే పక్కన కూర్చుని చూశాను. తోలును తిరగేసి, బొచ్చు లేని వైపు బాల్‌పెన్‌తో గీత గీసింది. కత్తెర ముట్టుకోలేదు. కత్తెరతో కోస్తే తోలుతో పాటు వెంట్రుకలూ తెగి, అంచు బోడిగా అయిపోతుంది. తోలును కాస్త పైకి లేపి పట్టుకుని, బ్లేడు మొనతో తోలు మందం వరకే కోసింది. కిందున్న వెంట్రుకలు తెగకుండా విడిపోయాయి. తర్వాత రెండు ముక్కల బొచ్చూ ఒకే దిశలో వాలిందో లేదో అరచేత్తో నిమిరి చూసుకుంది. ఒక ముక్క తలకిందులైతే వెలుగు పడినప్పుడు రెండు రంగుల్లా కనిపిస్తుందట. గుండుసూదులు పెట్టలేదు, బట్టల క్లిప్పులతో పట్టించింది. ‘బట్టయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు బాబూ, దీనికి తప్పు టాకా పడితే ఆ చిల్లు అలాగే ఉండిపోద్ది’ అంది.

పాత ఉషా మిషనే. తోలు సూది వేసి, టాకా పొడవు 4 మిల్లీమీటర్ల దాకా పెంచింది. టాకాలు దగ్గరదగ్గరగా పడితే తోలు చిల్లులున్న పోస్టల్ స్టాంపుల షీటులా ఆ గీత వెంబడే చిరిగిపోతుంది. కుట్టేటప్పుడు అంచుల్లోని బొచ్చును వేలితో లోపలికి తోస్తూ పోయింది. చేత్తో కుట్టేవాళ్లయితే మూడంచుల మొన ఉన్న సూది, మైనం పట్టించిన దారం వాడతారు. అంచుకు అంచు ఆనించి చుట్టుకుట్టు వేస్తారు. అంతా అయ్యాక తిరగేసి, కుట్టులో ఇరుక్కున్న వెంట్రుకలను మొద్దు సూదితో ఒక్కొక్కటే పైకి లాగింది. అలా లాగుతుంటే కుట్టు గీత నా కళ్లముందే మాయమైపోయింది. ఎక్కడ అతికిందో వెతికినా దొరకలేదు.

ఒక మేక తోలు 4 నుంచి 6 చదరపు అడుగులు ఉంటుంది. ఒద్దికగా కోస్తే 16 అంగుళాల కుషన్లకు రెండు ముందు భాగాలు వస్తాయి. వెనక్కి మందపాటి కాటన్ గుడ్డ వేసి, జిప్ కుడితే చాలు. మిగిలిన ముక్కలు కళ్లజోడు సంచికో, తాళాల గుత్తికో పనికొస్తాయి. బ్లౌజుకు చంకలు, డార్ట్‌లు సరిగ్గా కుదర్చగలిగిన చేతికి ఈ పని కష్టమేమీ కాదు. కావలసిందల్లా ఓపిక, పదును చేసిన తోలు.

ఆ తోలు చెన్నై నుంచి ఎందుకు రావాలి? మన మేకల తోలు ఇక్కడ కుళ్లుతుంటే పదును చేసిన తోలు పొరుగు రాష్ట్రం నుంచి కొనుక్కోవడమేమిటి? బొచ్చుతో పదును చేసే పద్ధతిలో దాపరికమేమీ లేదు. ఒలిచిన కొద్ది గంటల్లో తోలు బరువులో దాదాపు 40 శాతం ఉప్పు మాంసం వైపు పట్టించాలి. విశాఖ వేడిలో ఆలస్యమైతే వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడిపోతాయి. చెప్పుల తోలుకు వాడే సున్నం దీనికి వాడకూడదు, సున్నం బొచ్చును రాల్చేస్తుంది. నానబెట్టి, కండ గీకి, పటిక, ఉప్పు నీళ్లలో ఊరబెట్టి, నూనె పట్టించి, చట్రానికి లాగి కట్టి మెత్తబరచాలి. పటికతో చేసిన తోలును ఉతకకూడదని కొనేవాళ్లకు చెప్పాలి, తడిస్తే ఆ పదును పోతుంది. సముద్రపు గాలికి బూజు పడుతుంది కాబట్టి నీడలో ఆరబెట్టి, వేపాకు వేసి దాచుకోవాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పదును చేసే పని ఇళ్లలో, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో వద్దు. ఆ ఉప్పునీళ్లు మన గెడ్డల్లో కలిస్తే అటునుంచటు సముద్రంలోకే. తోలు పరిశ్రమల మురుగుతో తమిళనాడులో పాలారు నది ఏమైందో తెలిసిందే. వెల్లూరు చర్మ పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు 1996లో ‘కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలి’ అని తేల్చింది. తోలు పరిశ్రమలు వాడే క్రోమియం రసాయనాలు లేకుండా, మురుగునీటి శుద్ధితో ఒక ఉమ్మడి షెడ్డు నగరానికి కావాలి. కుట్టు మాత్రమే ఇళ్లకు రావాలి. పాలిస్టర్ ఫర్ అయితే ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ పోగులు వదులుతుంది. అవీ ఇదే సముద్రంలోకి చేరతాయి. వలల్లో ప్లాస్టిక్ పడుతోందని ఫిషింగ్ హార్బర్‌లో మత్స్యకారులు మొత్తుకుంటుంటే, సోఫా మీద ఇంకాస్త ప్లాస్టిక్ పరుచుకుని పర్యావరణం గురించి మాట్లాడతామా?

అయినా మనవాళ్లు తోలు వద్దనడానికి కారణం పర్యావరణం కాదు, వాసనా కాదు. మైల. పూజగది పటంలో శివుడు పులితోలు మీద కూర్చుంటాడు, దానికి దండం పెడతాం. కచేరీలో మృదంగం మోగుతుంటే పరవశిస్తాం, ఆ మోగేది తోలేనని గుర్తు రాదు. పొందూరు ఖద్దరు కట్టుకుని మురిసిపోతాం, ఆ పత్తిని ఏకేది వాలుగ చేప దవడతో. వస్తువు తయారై మన చేతికి వచ్చాక మైల ఉండదు. తయారుచేసిన చేతికి మాత్రం ఉంటుంది. లందలో, అంటే తోళ్లు నానబెట్టే తొట్టిలో, నిలబడి తోలు ఊనిన మాదిగ పల్లెలను తరాల తరబడి ఊరి చివర ఉంచింది ఈ లెక్కే. తోలు గోనెసంచిలో కుళ్లిపోవడానికి మూలం కూడా అక్కడే ఉంది.

తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలును తన చదువుగా ఎంచుకున్నారు. అమెరికా వెళ్లి అందులోనే డాక్టరేట్ చేశారు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు, తర్వాత ప్రభుత్వ వైజ్ఞానిక పరిశోధనశాలల సంస్థ సీఎస్‌ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 కనిష్క విమాన విస్ఫోటంలో ఆయన్ని పోగొట్టుకున్నాం. ఆయన పేరు చెప్పుకుని గర్వపడతాం, కానీ మన ఇంటి పిల్ల తోలు పని నేర్చుకుంటానంటే మాత్రం కంగారు పడతాం.

తోలు పని వదిలేసి చదువుల్లోకి వెళ్లిన మాదిగ పిల్లల్ని మళ్లీ లందల దగ్గరికి పంపమని నేను అనడం లేదు. వాళ్లు బయటపడడం న్యాయం. మిగతా కులాలవాళ్లు ఈ పనిలోకి రావాలంటున్నాను. ఇంకా ఈ పని తెలిసిన పెద్దలుంటే వాళ్లను మాస్టర్లుగా పిలిచి, కుర్చీ వేసి, జీతమిచ్చి నేర్పించుకోవాలి. ప్రభుత్వాలు మహిళలకు కుట్టు శిక్షణ ఇస్తున్నాయి, మిషన్లు ఇస్తున్నాయి. సంతోషమే. కానీ ఆ శిక్షణ బ్లౌజు, లంగా, పంజాబీ డ్రెస్సు దాటి పోదు. ఒకే వీధిలో పది మంది బ్లౌజులు కుడితే ఎవరికీ గిట్టుబాటు కాదు, రేటు తగ్గించుకోవడమే మిగులుతుంది. డిమాండ్ ఉండీ కుట్టేవాళ్లు లేని పని నేర్పితేనే ఆ మిషన్‌కు ఫలితం.

మన నగరపాలక సంస్థ జీవీఎంసీని నేను అడిగేది పెద్దదేమీ కాదు. బక్రీద్‌కు ముందే కబేళా దగ్గర, పెద్ద మటన్ మార్కెట్ల దగ్గర ఉప్పు బస్తాలు, తోళ్లు పరచడానికి నీడ ఉన్న చోటు సిద్ధం చేయాలి. కొన్ని వారాల కుట్టు శిక్షణలో చివరి రెండు వారాలు తోలుకు కేటాయించాలి. మొదటి బ్యాచ్ కుట్టిన కుషన్లను ఆర్కే బీచ్‌లో, శిల్పారామంలో ఏటికొప్పాక బొమ్మల పక్కనే అమ్మకానికి పెట్టాలి. ప్రతి ముక్క మీద అది ఏ జంతువు తోలో, దేనితో పదును చేశారో, ఉతకవచ్చో లేదో, ఎవరు కుట్టారో రాసి ఉండాలి.