వంటగట్టు మీద వండుతారా ఎవరైనా?

కొత్త ఇల్లు కట్టేవాళ్లలో కొందరు వంటగట్టుకు రాయి ఎంచుకునేటప్పుడు ఇప్పటికీ ఒక పాతకాలపు భ్రమలో ఉన్నారు. దాని మీద వంట చేస్తామని అనుకుంటున్నారు. నెల్లూరులో, ఒంగోలులో ఈమధ్య లేచిన డూప్లెక్సులను కాస్త లోపలికి వెళ్లి చూసినవారికి సంగతి తెలుసు. గట్టు ఉన్నది గృహప్రవేశం నాడు పాలు పొంగించడానికి, ఆ తర్వాత చుట్టాలకు చూపించడానికి. అసలు వంట ఇంటి వెనకాల, యుటిలిటీ అని పేరు పెట్టిన నాలుగడుగుల వసారాలో, పాత ఇంటి నుంచి ఊడబీకి తెచ్చిన కడప బండ మీద జరుగుతుంది.

కాబట్టి రాయి ఎంపికకు సూత్రం ఒక్కటే. వంటకు ఎంత పనికిరాకపోతే అంత మేలైన రాయి.

ఈ లెక్కన పాలరాయిని కొట్టేది లేదు. అది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపు జాతి. పులుపు తగిలిందా, పాలిష్ తినేసి మసక మచ్చ పడుతుంది. సబ్బు పెట్టి రుద్దినా పోదు, పాలిష్ మిషన్ మళ్లీ రావాల్సిందే. నిమ్మచెక్క పిండినా, చింతపండు రసం ఒలికినా అంతే. చేపల పులుసులో చింతపండు చాలదని పుల్లమామిడి ముక్కలు కూడా వేసే నెల్లూరులో పాలరాయి గట్టు వేయించిన రోజే ఆ గదికి వంట నుంచి విముక్తి దొరికినట్టు. (వెనక వసారాలో ఉన్న కడప బండ కూడా సున్నపు రాయే. పులుపు దాన్నీ తింటుంది. దాని మీద మచ్చలు ఎవరూ లెక్కపెట్టలేదు. బండకు పరువు లేదు కనుక పోయేదీ లేదు.)

పాలరాయికి గట్టి పోటీ క్వార్ట్జ్. గూడూరు, సైదాపురం వైపు భూమిలోంచి తవ్వి తీసే తెల్లరాయిని చూసినవాళ్లు, దాన్నే పలకగా కోసి ఇస్తారని అనుకుంటారు. కాదు. రాయిని పిండి చేసి, బరువులో నూటికి తొంభై పాళ్ల దాకా ఆ పిండి, మిగతాది రెసిన్, రంగు కలిపి ఫ్యాక్టరీలో ఒత్తుతారు. రెసిన్ అంటే ప్లాస్టిక్ జాతి. వేడి 150 డిగ్రీలు దాటితే దానికి కష్టం. తాలింపు నూనె ఆ అంకెను ఆవాలు చిటపటలాడక ముందే దాటేస్తుంది. ఆ మూకుడును తెల్ల క్వార్ట్జ్ మీద దించారంటే గుండ్రంగా ఒక ముద్ర పడి అక్కడే ఉండిపోతుంది. పసుపు సంగతి సరేసరి. తాలింపు వద్దు, పసుపు వద్దు, వేడి గిన్నె వద్దు. ఇక ఆ గట్టు మీద పెట్టదగింది ప్లాస్టిక్ పూలకుండీ. మన సూత్రానికి ఇంతకంటే బాగా సరిపోయే సరుకు ఏముంది?

ఈ రాయిని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది. దాన్ని కోసేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పనివాళ్లకు సిలికోసిస్ వస్తోందని కారణం. తాలింపులు లేని దేశం కదా, తీరిక ఎక్కువ, మనుషుల గురించి ఆలోచిస్తారు. మన దగ్గర సింక్ కోసం కన్నం కోసే కుర్రాడు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటాడు. నీళ్లు పోస్తూ కోయమంటే కొత్త టైల్స్ పాడైపోతాయని ఇంటాయన ఒప్పుకోడు. టైల్స్ ఆయనవి. ఊపిరితిత్తులు ఆయనవి కావు.

ఇక మిగిలింది చీమకుర్తి గెలాక్సీ, అంటే గ్రానైట్ పేరుతో అమ్మే మెరుపు చుక్కల నల్లరాయి. దీన్ని మొదట్లోనే తోసిపుచ్చాలి. వేడి గిన్నె పెట్టినా ఏమీ కాదు, పులుసు ఒలికినా తుడిస్తే పోతుంది, పసుపు మరక నలుపులో కనిపించదు. అంటే దాని మీద నిజంగానే వండుకోవచ్చు. ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని వెళితే దొరుకుతుంది. ప్రపంచంలో ఆ రకం రాయి ఉన్నది చీమకుర్తి చుట్టుపక్కలేనట, అయితే ఏమిటి? పక్క ఊరి రాయిని చూపించి ఎవరి నోరు మూయిస్తాం? షాపులో ఒక పెద్దాయన దాన్ని చూడగానే చెయ్యి అడ్డంగా ఊపేశాడు. “ఏందబ్బాయా, ఇది మా వియ్యంకుడి బాత్రూములో కూడా ఉంది” అన్నాడు.

పైగా అది గ్రానైట్ కూడా కాదు. భూగర్భ శాస్త్రవేత్తలు గ్యాబ్రో జాతి అంటారు. అందులో మెరిసే చుక్కలు బంగారమూ కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. ఇన్ని అబద్ధాలున్న రాయిని చైనా, ఇటలీ వాళ్లు దిమ్మెలకు దిమ్మెలు ఓడల్లో తెప్పించుకుంటున్నారంటే వాళ్ల అమాయకత్వానికి జాలి పడాలి. ఆగ్నేయంలో పొయ్యి కింద నల్లరాయి దోషమని మన సిద్ధాంతులు ఎప్పుడో చెప్పారు. ఆ దోషం మొత్తాన్ని లారీల్లో పోర్టుకు చేర్చి పరాయి దేశాల వంటిళ్లకు పంపేస్తున్నాం. బదులుగా ఇటలీ పాలరాయి దిగుమతి చేసుకుంటున్నాం. మనకు మిగిలింది గుంతలు పడిన రోడ్లు, క్వారీల పక్కన గుట్టలుగా పోసిన పనికిరాని రాళ్లు. అవి కూడా చీమకుర్తివే కనుక ఎవరూ పట్టించుకోరు.

స్టీలు గట్టు వేయిస్తే హోటల్ అనుకుని ఎవరైనా టోకెన్ అడుగుతారు. వదిలేద్దాం.

వండే ఆవిడనే అడగరాదా అని కొందరు అంటారు. అడిగి చూశారు. ఎత్తు రెండంగుళాలు తగ్గించమంటుంది. బిందె పట్టేంత సింక్ కావాలంటుంది. నీళ్లు నిలవకుండా వాటం సరిగ్గా పెట్టమని మేస్త్రికి చెప్పమంటుంది. అంతసేపు మాట్లాడినా రాయి పేరు ఒక్కసారి ఎత్తదు. ఇంత సౌందర్య దృష్టి లేని మనిషి చేతిలో నిర్ణయం ఎలా పెడతాం?

అసలు ఆవిడకు కావలసిన రాయి ఏ షోరూములోనూ లేదు. కొర్రమీను తెచ్చినప్పుడు ఉప్పూ పసుపూ వేసి, జిగురు పోయేదాకా రాయికేసి తోమాలి. బొమ్మిడాయిలైతే మరీను. అందుకు గరుకు బండ కావాలి. అద్దంలా మెరిసే పలక మీద పెడితే చేప జారి నేరుగా హాల్లో సోఫా కిందకు పోతుంది. చదరపు అడుక్కి ఇంత అని ఎక్కువ పోసి కొనేది ఆ మెరుపునే. చేప తోమడానికి అడ్డొచ్చేదీ ఆ మెరుపే.

అందుకని గట్టుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఇంజినీరును కూర్చోబెట్టి వెనక వసారా గీయించుకోండి. బండకు చోటు, పొయ్యికి చోటు, ఒక కుళాయి, నీళ్లు పోయే తూము. ప్లానులో ఇవి తమంతట తాము రావు. మరిచిపోయారో, సంక్రాంతికి వచ్చిన అల్లుడు పులుసు కావాలన్నప్పుడు ఆ ఇటలీ గట్టు మీదే కాచాల్సి వస్తుంది. పైగా అతను తిని ఊరుకోడు, మర్నాటికి ఇంకా బాగుంటుంది, కాస్త ఎక్కువ కాయండి అత్తయ్యా అంటాడు.