పిత్రార్జితమా, మధ్యలో వచ్చిందా? కుప్ఫర్‌షీఫర్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుప్ఫర్‌షీఫర్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు ఐరోపా నేల కింద పరుచుకున్న ఒక పలచటి నల్ల రాతి పొర. మీ పేరుకు జర్మన్‌లో 'రాగి పలకరాయి' అని అర్థమట. ఆస్తిని ఇంటిపేరులోనే పెట్టుకున్నవాళ్లను చూడటం నాకిదే మొదలు. ఆ ఆస్తి గురించే ఈ ఉత్తరం.

మీ పుట్టుక మీద ఎవరికీ తగాదా లేదు. సుమారు 25.8 కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగం చివర్లో, ఇప్పటి జర్మనీ, పోలండ్ ఉన్నచోట ఎర్ర ఇసుక ఎడారి ఉండేది. దాని మీదికి జెక్‌స్టైన్ సముద్రం వచ్చిపడింది. అడుగున కదలిక లేదు, ఆక్సిజన్ లేదు. చచ్చిన నాచంతా అక్కడే పేరుకుంది, కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టింది. ఆ నల్ల బురదే మీరు. ఇంగ్లండ్ నుంచి పోలండ్ దాకా పరుచుకున్నారు గానీ, చాలాచోట్ల మీటరు మందం కూడా లేరు. ఇంత పలచటి ఒంటికి అంత రాగి ఎక్కడిది?

పిత్రార్జితమేనని, పుట్టినప్పుడే సముద్రం రాసిచ్చిందని మీ పాత వకీళ్ల, అంటే కొందరు పాతకాలపు భూగర్భ శాస్త్రవేత్తల, వాదన. మా ఇళ్లలో రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున్నే తాగుతాం, చెంబు నుంచి నీళ్లలోకి రాగి దిగుతుందని. మీ వకీళ్లది చెంబును తిరగేసిన కథ. సరే, లెక్క వేద్దాం. ఇప్పటి సముద్రంలో లీటరుకు ఒక మైక్రోగ్రాము రాగి కూడా ఉండదు. కిలోకు 20 గ్రాముల రాగి ఉన్న మీ ముక్క ఒకటి తయారవ్వాలంటే 2 కోట్ల లీటర్లకు పైగా వడగట్టాలి, చుక్క కూడా వృథా పోకుండా. మాకు కాఫీ ఫిల్టరు దగ్గరే ఓపిక చాలదు.

పైగా పిత్రార్జితమైతే అన్నదమ్ములందరికీ వాటా రావాలి కదా. మీలో చాలా భాగం తవ్వినా గిట్టుబాటు కానంత పేదరికంలో ఉంది. జర్మనీలోని మాన్స్‌ఫెల్డ్, పోలండ్‌లోని లూబిన్ లాంటి కొన్నిచోట్ల మాత్రం మేడలు లేచాయి.

నాకు తెలిసిన కథ వేరు. మీ కింద ఆ ఎడారి ఎర్రరాళ్లు, వాటి మధ్య అగ్నిపర్వత శిలలు ఉన్నాయి. వాటిలో తిరిగిన ఉప్పునీరు క్లోరైడ్ సాయంతో రాగిని కరిగించి మోసుకుంటూ పైకొచ్చింది. ఆక్సిజన్ ఉన్నంతసేపే ఆ మోత. మీ వాకిట్లోకి వచ్చి, ఆ కంపులో, ఆ గంధకంలో మూట దించేసింది. అప్పటిదాకా మీ పెట్టెలో ఉన్నది పైరైట్, అంటే మెరుపే తప్ప విలువ లేని ఇనుము, గంధకం. దాని చోట్లోకి రాగి వచ్చి కూర్చుంది. మొదట రాగి, కాస్త దూరంలో సీసం, ఇంకా అవతల జింక్. తేలిగ్గా కరగని సల్ఫైడు ముందు కూర్చుంటుంది, పంక్తిలో పెద్దల్లాగా.

వచ్చినవాడు కాళ్లు కడుక్కోకుండా వచ్చాడు కూడా. మీ నల్ల ఒంటి మీద హెమటైట్ అనే తుప్పురంగు ఇనుప ఖనిజం ఎర్ర మరకలున్నాయి. గని కార్మికులు వాటిని 'ఎర్ర కుళ్లు' అన్నారు. ఆ మరక పొరల వరసను పట్టించుకోదు, గోడలు దాటి పోతుంది. పుట్టుమచ్చ అలా పాకదు గదండీ. దాన్ని ఆనుకునే గొప్ప రాగి. ఆ రాగి వచ్చింది పెర్మియన్ తర్వాతి యుగాలైన ట్రయాసిక్‌లోనా, జురాసిక్‌లోనా అన్నది మాత్రం ఇప్పటికీ వాయిదాల మీద వాయిదాలు.

చైనాలో మీకంటే వయసులో చాలా పెద్ద బంధువు ఒకరున్నారు, కేంబ్రియన్ నాటి నల్ల పలకరాళ్లలో. కొన్ని సెంటీమీటర్ల పొర, నిండా మాలిబ్డినం, నికెల్ లోహాలు. సముద్రం ఇచ్చిందని కొందరు, వేడి ఊటలని కొందరు, ఆకాశం నుంచి రాలిందని ఇంకొందరు. మీ వంశంలో ఎవరి దగ్గరా రసీదు లేదన్నమాట!

మీ సంపాదన ఎలాంటిదైనా, మోసింది మనుషులు. మాన్స్‌ఫెల్డ్‌లో 1199 నుంచీ తవ్వారని చెప్పుకుంటారు, 1990లో ఆ ప్రాంతంలో ఆపేశారు. ఈ మధ్యలో సుమారు 26 లక్షల టన్నుల రాగి తీశారు. మీ మందం చాలక మనిషి కూర్చోలేడు, ఒక పక్కకు పడుకుని మెడ వంచి కొట్టాలి. ఊళ్లో వాళ్లకు 'వంకర మెడలు' అన్న పేరే పడింది. పిల్లలు పాకుతూ బండ్లు లాగారు. క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ తండ్రి హాన్స్ అక్కడే రాగి కొలిమి వ్యాపారం చేసి, ఆ డబ్బుతో కొడుకును లా చదువుకు పంపాడు. కొడుకు 1505లో సన్యాసుల్లో కలిశాడు. ఆ తండ్రి బాధ మా వైపు తల్లిదండ్రులకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇట్లు,
మీ ఆస్తిలో వాటాదారు కాని ఒక పాఠకుడు

తా.క. మీరు పుట్టినప్పుడు అక్కడే ఉన్న ప్రత్యక్ష సాక్షి ఒకటుంది, మీలో ఇరుక్కున్న పేలియోనిస్కమ్ చేప. వాంగ్మూలం తీసుకుందామని దగ్గరికి వెళ్తే దాని పొలుసుల మీద కూడా రాగి ఖనిజాల మెరుపే. సాక్షికీ ముట్టినట్టుంది.