గాట్స్‌బీ పాఠంలో చూసీ చూడనట్టు వదిలేసే పేజీ

అమెరికా హైస్కూళ్లలో పదకొండో తరగతి ఇంగ్లిష్ అంటే చాలాచోట్ల అమెరికన్ సాహిత్యమే. అక్కడి తెలుగు ఇళ్లలో ఆ ఏడాది టెన్షన్ అంతా కాలేజీ సీటు కోసం రాసే ఎస్ఏటీ పరీక్ష, కాలేజీ స్థాయి లెక్కల కోర్సు ఏపీ క్యాలిక్యులస్‌ల మీదే. ఇంగ్లిష్‌లో ‘ఏ’ వస్తే చాలు, ఏం చదివారని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే తరచూ వినిపించే పేరు ఫిట్జ్‌గెరాల్డ్ నవల ‘ద గ్రేట్ గాట్స్‌బీ’.

దీని మీద రాయించే వ్యాసాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. గాట్స్‌బీ ప్రేమించిన డెయిజీ ఇంటి రేవులో వెలిగే పచ్చదీపం దేనికి సంకేతం? అమెరికన్ డ్రీమ్ ఏమైపోయింది? వీటికి జవాబులు నెట్‌లో కావలసినన్ని ఉన్నాయి, చాట్‌జీపీటీ సంగతి సరేసరి.

మొదటి అధ్యాయంలోని డిన్నర్ సీన్ మాత్రం ఇట్టే దాటిపోతుంది. తాతల నాటి ఆస్తి ఉన్న టామ్ బుకానన్, జాగ్రత్తపడకపోతే తెల్లజాతి మునిగిపోతుందనీ, ఇదంతా సైన్స్ రుజువు చేసిందనీ ఊగిపోతుంటాడు. మనమంతా నార్డిక్‌లమంటూ (ఉత్తర యూరప్ మూలాల ‘మేలైన’ తెల్లవాళ్లమని) ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ సొంత భార్య డెయిజీ దగ్గరికొచ్చేసరికి రెప్పపాటు తటపటాయించి, ఆమెనూ కలుపుకున్నట్టు తలూపుతాడు. కథ చెబుతున్న నిక్ వైపు చూసి ఆమె కన్నుగీటుతుంది. జాతి పిచ్చి ఎంత డొల్లదో చెప్పడానికి రచయితకు ఆ తటపటాయింపు ఒక్కటి సరిపోయింది.

టామ్ చెప్పే పుస్తకం కల్పితమే అయినా, 1920లో లోత్రాప్ స్టొడార్డ్ అనే అమెరికన్ రచయిత అచ్చంగా అలాంటిదే రాశాడు. నవలలో కథ జరిగేది 1922 వేసవిలో. 1923 ఫిబ్రవరిలో, పంజాబ్ నుంచి వలస వెళ్లిన భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారనీ, పౌరసత్వానికి పనికిరారనీ అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు! అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల నుంచి కూడా పౌరసత్వం వెనక్కి లాక్కున్నారు. 1924 చట్టంతో ఆసియావాళ్ల వలసకు దాదాపు తలుపులు మూసేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నవల వచ్చింది. భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏడాదికి 100 మంది వలస కోటా 1946లో దక్కాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగింది 1965 చట్టం తర్వాతే.

అంటే టామ్ డిన్నర్ టేబుల్ దగ్గర వాగిందే రెండేళ్లు తిరిగేసరికి చట్టమైంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో చదివే తెలుగు పిల్లలకు ఇది ఎవరిదో పాత కథ కాదు. సాహిత్యం క్లాసులో చరిత్ర ఎందుకంటారు కొందరు. ఆ చరిత్ర తెలియకపోతే టామ్ ఒట్టి నోటి దురుసు మనిషిలా కనిపిస్తాడు, అతని వెనక ఎంత బలగం ఉందో అర్థం కాదు. జాతి ప్రస్తావన ఎలా తేవాలో నిర్దేశించే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో వచ్చాక టీచర్ల భయం నిజమే. కానీ ఇది బయటి నుంచి తెచ్చి అతికించేది కాదు, పుస్తకంలో ఉన్నదే.

అలాగని ఫిట్జ్‌గెరాల్డ్‌నూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. టామ్‌ను చూసి నవ్వించిన ఆయనే, గాట్స్‌బీ వ్యాపార సహచరుడు, యూదుడైన వుల్ఫ్‌షీమ్‌ను ముక్కు మీద వెటకారంతో పరిచయం చేస్తాడు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చదివించడానికి ఇంకో రెండు పీరియడ్లు పడతాయి. పచ్చదీపం వర్క్‌షీట్ ఒకటి తగ్గిస్తే ఆ టైమ్ దొరుకుతుంది.