గోలీల షీటు ఫోటో మాత్రం అడగకండి

బాపుకు సర్పి (షింగిల్స్) తగ్గుతున్నదని మొన్న వాట్సాప్‌లో స్టేటస్ పెట్టిన పాపానికి ఇప్పటికి పదకొండు మంది అడిగారు, "ఏం గోలీలు వాడిండ్రు, షీటు ఫోటో పెట్టు" అని. పరకాల బావ అయితే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆయన వీపు మీద కూడా నిన్నటి నుంచి పొక్కులు లేస్తున్నాయట. నేను ఫోటో పెట్టను. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగు కథ.

మాది నర్సంపేట దగ్గర ఊరు. బాపుకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. మిరపకాయ బస్తాలు ఎత్తే రోజులు. ఎడమ డొక్కలో మంటగా ఉందంటే, పట్టేసిందేమోనని జిందా తిలిస్మాత్ రుద్దుకున్నాడు. మూడో రోజు, గురువారం, అదే చోట ఎర్రటి దద్దు మీద గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు తేలాయి. పక్కింటి పెద్దమ్మ చూసి సర్పి అన్నది. పొక్కులు ఒళ్ళు చుట్టి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని కూడా అన్నది. ఇంకేముంది, ఎర్రమన్ను పూయించారు.

పెద్దమ్మ మీద నాకు కోపం లేదు. రోగాన్ని ఆమె సరిగ్గానే గుర్తుపట్టింది. కానీ ఆ తలా తోకా మాట వట్టిది. చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసినప్పటి వైరసే ఒళ్ళు వదిలిపోకుండా వెన్ను పక్కన నరాల మొదళ్ళలో దాక్కుని, వయసు మీద పడ్డాకో, ఒంట్లో శక్తి తగ్గాకో ఒక నరం వెంట బయటికొస్తుంది. ఆ నరం ఒక పక్కదే కాబట్టి పొక్కులు సాధారణంగా నడిమధ్య గీత దాటవు. ప్రాణం తీయడం కంటే అది ఎక్కువగా చేసే పని, పొక్కులు మానినా నెలల తరబడి నరాల నొప్పి మిగల్చడం.

నా కోపమంతా శనివారం మెడికల్ షాపులో జరిగినదాని మీద. వైరస్‌ను అణిచే అసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులకు. పైన నొప్పికి డైక్లోఫెనాక్. కాగితపు కవరు మీద పెన్నుతో రెండు గీతలు గీసి ఇచ్చాడు. షుగర్ ఉందా, కిడ్నీలు ఎట్లున్నాయి అని ఒక్క మాట అడగలేదు. మందు పేరు సరైనదే. మిగతాదంతా తప్పు.

మామూలుగా కిడ్నీలు బాగున్న పెద్దవాళ్ళకు సర్పికి రాసేది 800, రోజుకు ఐదుసార్లు, కనీసం ఏడు రోజులు. నోటితో మింగిన అసైక్లోవిర్‌లో రక్తంలోకి చేరేది 15 నుంచి 20 శాతమే, చేరింది కూడా మూడు గంటల్లో సగానికి పడిపోతుంది. హనుమకొండలో మా ఆఫీసు మేడమ్ ఇదే వాడినప్పుడు 6, 10, 2, 6, 10 అని ఫోన్‌లో ఐదు అలారాలు పెట్టుకుంది. మీటింగ్ మధ్యలో మోగితే అందరం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావట్లేదు.

సోమవారం బాపును డాక్టర్‌కు చూపించాను. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మంచిదని, అప్పటికే దాటిందని, కొత్త పొక్కులు ఇంకా వస్తున్నాయి కాబట్టి ఇస్తానని అన్నారు. వైరస్ కొత్తగా పుట్టకుండా ఆపడమే ఈ మందు పని, అప్పటికే దెబ్బతిన్న నరాన్ని బాగుచేయలేదు. ముందు రక్త పరీక్ష చేయించారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8, ఉండాల్సినదానికంటే ఎక్కువ. డైక్లోఫెనాక్ అక్కడే ఆపేశారు. వైరస్ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, వాటి మీద నొప్పి గోలీలు ఇంకో బరువు. వాలాసైక్లోవిర్ రాశారు. అది ఒంట్లోకి పోయాక అసైక్లోవిర్‌గానే మారుతుంది, కాకపోతే ఎక్కువగా ఒంటపడుతుంది. మామూలుగా 1 గ్రాము మూడుసార్లు, బాపు కిడ్నీలకు రెండుసార్లే.

చూశారా, షాపతను చెప్పిందీ రెండుసార్లే, డాక్టర్ చెప్పిందీ రెండుసార్లే. కానీ మందూ వేరు, డోసూ వేరు, డాక్టర్ బాపు కిడ్నీలు చూసి చెప్పారు, షాపతను ఏమీ అడగకుండా చెప్పాడు. అందుకే షీటు ఫోటో పెట్టనన్నది.

ఇంకో మాట కూడా చెప్పారు. కిడ్నీలు సరిగా లేని ముసలివాళ్ళలో మందు ఒంట్లో పేరుకుంటే మాటలు తడబడతాయట, లేనివి కనబడతాయట. అట్లాంటిది ఏదైనా కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. మా ఊర్లో అయితే గాలి సోకిందని తాయెత్తు కడతారు. అవ్వ ఈ మాట ఎంత గట్టిగా పట్టుకుందంటే, రోజూ పొద్దున చెంబెడు నీళ్ళు చేతికిచ్చి "ఏనుమాముల మార్కెట్ యార్డుల తేజ మిర్చి క్వింటాల్ ఎంత?" అని అడిగేది. ఆయన ధర చెప్పి, దళారిని నాలుగు తిట్లు తిడితే బుర్ర బాగున్నట్టు లెక్క. నీళ్ళు ఎక్కువ తాగమన్నది బాపుకు చెప్పిన మాట. గుండె జబ్బుకు నీళ్ళు కట్టడి చేసినవాళ్ళు డాక్టర్‌ను అడక్కుండా తాగొద్దు.

కడుపుతో ఉన్న చెల్లెను పొక్కులు పెచ్చులు కట్టేదాకా రావద్దన్నాం. అలిగింది. ఆమెకు చిన్నప్పుడు అమ్మవారు పోయలేదు, ఆ పొక్కుల నీటితో అది అంటుకోవచ్చు.

పెదవి మీద జ్వరం పొక్కులకు ఇవే గోలీలు పనిచేస్తాయా అని ఇద్దరు అడిగారు. అది అదే కుటుంబంలో ఇంకో వైరస్, డోసు వేరు, చాలావరకు దానంతటదే మానుతుంది. కింది భాగంలో పొక్కులు వచ్చి సిగ్గుతో ఊరవతల షాపులో గుట్టుగా కొనుక్కునేవాళ్ళకు కూడా ఇదే మాట, డాక్టర్ దగ్గర సిగ్గుపడకండి. ఈ గోలీలు ఏ రకాన్నైనా అణుస్తాయే కానీ ఒంట్లోంచి పూర్తిగా వెళ్ళగొట్టవు.

బాపు ఇప్పటికీ అంగీ గుండీలు పెట్టుకోడు. బట్ట తగిలితే నిప్పురవ్వ పడ్డట్టుంటుందట. అవ్వకు టీకా వేయిద్దామని చూస్తున్నా. సర్పి టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది, 50 దాటినవాళ్ళకు రెండు డోసులు. ధర మాత్రం వేలల్లో.

బావా, నీకు బీపీ గోలీలు ఉన్నాయి, మోకాళ్ళకు నొప్పి గోలీ రోజూ మింగుతావు. పొక్కులు నిన్ననే లేచాయంటున్నావు, అంటే నీకింకా టైముంది. రేపు పొద్దున మొదటి బస్సుకే హనుమకొండ రా, బస్టాండుకు నేనొస్తా. నువ్వు వేసుకునే గోలీలన్నీ సంచిలో వేసుకుని రా.