పెద్దరికానికి రెండు పట్టీలా?

దేశంలో చర్చించవలసిన సమస్యలు సవాలక్ష ఉండగా నడివయసు స్త్రీల వీపుల గురించి కలం పట్టవలసి రావడం నాకు సంతోషం కలిగించే పని కాదు. అయితే పెద్దలందరూ ఈ విషయంలో మౌనం వహించినందువల్ల ఆ భారం నా మీద పడింది.

కోఠీ సుల్తాన్‌బజారులోనూ, విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ బ్యాగుల దుకాణాల ముందు వేలాడుతున్న సరుకును కాస్త నిలబడి చూడండి. పలకా బలపమూ మాత్రమే పట్టేటంత పరిమాణంలో, బంగారు రంగు జిప్పులతో, రెండు పట్టీలతో, తోలును పోలిన గుడ్డతో కుట్టిన బుల్లి బ్యాక్‌ప్యాకులు కనిపిస్తాయి. బడిపిల్లల కోసం కాబోలునని ముందుకు కదలబోతాం; కానీ వాటిని బేరమాడుతున్నది బడిపిల్లలు కాదు, బడిలో పిల్లలున్నవారు. వారిలో బ్యాంకు ఆఫీసర్లున్నారు, ప్రధానోపాధ్యాయినులున్నారు, వచ్చే మాఘమాసంలో అత్తగార్లు కాబోతున్నవారూ ఉన్నారు. కాబోయే వియ్యపురాలు బుజ్జి సంచి వీపున తగిలించుకుని పెళ్ళిచూపులకు వస్తే లాంఛనాల మాట ఎత్తడానికి మగపెళ్ళివారికి నోరెలా వస్తుందో ఆలోచించవలసిందిగా మనవి.

మన ఆడవారి డబ్బుకు ఒక స్థానచరిత్ర ఉంది. మొదట అది కొంగు చివర ముడిలోనూ, రొంటిన దోపిన చిన్న గుడ్డ సంచిలోనూ ఉండేది. తరువాత జాకెట్టులోని బుల్లి పర్సుకు, అక్కడినుంచి చంకన వేలాడే హ్యాండ్‌బ్యాగుకు మారింది. ఇన్ని మజిలీలలోనూ అది యజమానురాలి చేతికి అందే చోటనే ఉన్నది తప్ప ఎన్నడూ ఆమె వెనక్కి పోలేదు. ఈ విపరీతానికి మూలం, ఊహించినట్టే, విదేశాలలో ఉన్నది. 1984లో ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ నల్లటి నైలాను గుడ్డతో బ్యాక్‌ప్యాకు తయారుచేసి సంపన్న స్త్రీల వీపుల మీదికి ఎక్కించింది. అదే కాలంలో బ్రిటన్‌ను పాలిస్తున్న మార్గరెట్ థాచర్ మాత్రం చేతిసంచిని వదలలేదు. ఆమె సంచులలో ఒకటి 2011లో లండన్ వేలంలో 25,000 పౌండ్లు పలికింది. మన దగ్గర కూడా 2019లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ బ్రీఫ్‌కేసును పక్కనబెట్టి, బడ్జెట్ పత్రాలను ఎర్రటి గుడ్డలో చుట్టి చేతులతో పట్టుకుని వచ్చారు. ఆమె వాటిని వీపున వేసుకుని వచ్చి ఉంటే ద్రవ్యలోటు అంకెను ఎవరైనా నమ్మేవారా?

ఇక ఆర్థిక నష్టానికి వద్దాం. నేడు ఒక పెళ్ళి జాకెట్టుకు మగ్గం వర్కు చేయించాలంటే చీర ఖరీదును మించిపోవడం అరుదేమీ కాదు, ఆ పనితనంలో సింహభాగం వీపు మీదనే జరుగుతుంది. నెమళ్ళు, ఏనుగులు, పల్లకిలో పెళ్ళికూతురు, మెడ వెనక ముడివేసిన తాళ్ళకు వేలాడే కుచ్చులు, ఇవన్నీ కుట్టడానికి కొందరు రోజుల తరబడి మగ్గం ముందు కళ్ళు పొడుచుకుంటారు. అంతటి చిత్రశాలను నాసిరకం సంచితో మూసివేయడం కళాద్రోహం కాక మరేమిటి? పైగా కుచ్చిళ్ళు పెట్టి పిన్నీసుతో భుజాన నిలబెట్టిన పైట మీదికి పట్టీ ఎక్కితే పట్టు నలుగుతుంది, జడ సంచికీ వీపుకీ మధ్య ఇరుక్కుంటుంది, జడలోని మల్లెపూలు ఊపిరాడక వాడిపోతాయి. చున్నీ వేసుకున్నవారి అవస్థ వేరే చెప్పాలా?

ఈ సంచి ప్రభుత్వ సంక్షేమ పథకాలకు సైతం విఘాతమని నా దృఢ విశ్వాసం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలు ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. కండక్టరుకు ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపితే సున్నా టికెట్టు చేతికి వస్తుంది. ఆ కార్డు వీపు మీద ఉంటే ఏమవుతుంది? కాలు మోపడానికి చోటులేని బస్సులో ఆమె ఒక పట్టీ తప్పించి సంచిని ముందుకు తిప్పేలోపల కుడివైపు వారి కళ్ళజోడు, ఎడమవైపు వారి టిఫిన్ క్యారియరు ప్రమాదంలో పడతాయి. జేబుదొంగ మాత్రం ఆమెకన్నా ముందే ఆధార్ తీసి ఉంటాడు. ఈ భయంతో కొందరు సంచిని ముందు వైపుకే తగిలించుకుంటున్నారు కనుక, ఇంతకాలం ఖాళీ సీటు అడిగి ఇప్పించవలసింది ఎవరికో తెలిసిన కండక్టర్లు కూడా ఇప్పుడు తికమకపడుతున్నారు. అదే బస్సులో పై కమ్మీని రెండు చేతులా పట్టుకుని సడన్ బ్రేకుకు తూలకుండా నిలబడగలిగినది కూడా ఆ సంచి వేసుకున్న ఇల్లాలేనని కొందరు వాదించవచ్చు. నిలబడడం ఒక్కటే పరమార్థమైతే స్తంభాలకు కూడా టికెట్టు కొట్టవలసి ఉంటుంది.

ఆరోగ్యం పేరుతో వచ్చే వాదన మరీ బలహీనమైనది. బరువంతా ఒకే భుజాన వేలాడితే మెడా భుజమూ నొప్పిపెడతాయని, రెండు భుజాలకూ సమంగా పంచాలని వైద్యులు చెబుతారు. కానీ నలభై దాటిన స్త్రీ మెడనొప్పి మన సమాజంలో ఒక హోదా. బామ్ సీసా దగ్గర పెట్టుకోని పెద్దముత్తైదువ మాటకు పేరంటంలో విలువ ఉండదు. బడిపిల్లల సంచి వారి శరీర బరువులో 10 శాతానికి మించరాదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానంలో కేంద్ర ప్రభుత్వం స్పష్టంగా చెప్పింది. ఇల్లాలి సంచికి అటువంటి పరిమితి ఏదీ విధించలేదంటే, ఆమె ఎంతైనా మోయగలదని ఏలినవారు గుర్తించినట్టే కదా.

మాదాపూర్‌లో యాభై ఏళ్ళ పురుషులు జుట్టు నెరిసినా, పొట్ట ముందుకు వచ్చినా, వీపున నల్లటి బ్యాక్‌ప్యాకు తగిలించుకుని తిరుగుతూనే ఉన్నారని, పెళ్ళి విందులో పంక్తిలో కూర్చున్నప్పుడు కూడా దానిని ఒడిలో పెట్టుకుంటున్నారని, వారిని ఎవరూ వయసు అడగడం లేదని ఒక ఆక్షేపణ ఉన్నది. ఇది తొందరపాటు. ఆ సంచి మీద ఉద్యోగమిచ్చిన కంపెనీ పేరు ఉన్నది, లోపల ఆ కంపెనీ ల్యాప్‌టాప్ ఉన్నది. పరుల సొత్తు మోసే వీపుకు సహజంగానే గౌరవం లభిస్తుంది. అదే న్యాయాన్ని మేము స్త్రీలకూ వర్తింపజేస్తున్నాము: ల్యాప్‌టాప్ మోసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని మేము ఏనాడైనా ఆక్షేపించామా? అస్సాం తేయాకు తోటల్లో ఆకు నిండిన బుట్టను వీపున మోసే స్త్రీకి ఆ బుట్ట నప్పిందా లేదా అని ఎవరైనా అడిగారా? పాలమూరు నుంచి వచ్చి హైదరాబాద్ అపార్టుమెంట్లకు తల మీద ఇటుకలు మోసిన ఆడవారి వయసును గురించి ఒక్క వ్యాసమైనా వెలువడిందా? బరువు ఇతరులదైతే వయసుతో పని లేదు. ఈ బుల్లి సంచిలో ఉన్నది ఆమె ఫోను, ఆమె డబ్బు, ఆమె దువ్వెన మాత్రమే. అభ్యంతరం అక్కడ వస్తుంది.

అసలు హ్యాండ్‌బ్యాగు ఆమెదని ఎవరన్నారు? అది పేరుకు ఆమెది, అనుభవంలో ఉమ్మడి ఆస్తి. భర్త కళ్ళజోడు, ఆయన బీపీ మాత్రలు, పిల్లవాడు సగం కొరికి వదిలిన బిస్కెట్లు, అత్తగారి రక్తపరీక్ష కాగితాలు, బండి తాళం, గుళ్ళో ఇచ్చిన పులిహోర పొట్లం, శ్రావణ మంగళవారం వాయనంలో వచ్చిన నానబెట్టిన శనగలు, ఆ శనగల నుంచి కారే నీళ్ళు, వీటన్నిటికీ అది నిలయం. కుటుంబ సభ్యులెవరైనా చెయ్యి చాచితే ఆమె నడుస్తూనే, మాట్లాడుతూనే, చూడకుండానే లోపల తడిమి కావలసినది తీసి ఇస్తుంది. బ్యాక్‌ప్యాకు వచ్చాక ఏమి జరుగుతున్నది? ఏదైనా అడిగితే ఆమె ఆగాలి, పట్టీ దించాలి, ఇటు తిరగాలి. అంత కష్టమెందుకని చివరకు అడిగినవాడే తన వస్తువును తన జేబులో పెట్టుకోవడం మొదలుపెడుతున్నాడు. చొక్కాలకూ ప్యాంట్లకూ అన్ని జేబులున్న సంగతి చాలామంది మగవారికి ఈ మధ్యనే తెలిసింది. పైగా ఇంతకాలం ఒక చెయ్యి సంచిని, రెండో చెయ్యి పిల్లవాడిని పట్టుకుని ఉండడంవల్ల ఆమె గమ్యం ఇంటివారికి ముందే తెలిసేది. రెండు చేతులూ ఊపుకుంటూ నడిచే స్త్రీ ఎక్కడికి వెళుతున్నదో ఊహించడం ఎవరి తరం?

నేను ఛాందసుణ్ణి కాను. తయారీదారులు కొద్దిపాటి సవరణలకు అంగీకరిస్తే ఎదిగిన స్త్రీలు ఈ సంచిని నిత్యం వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పరిమాణం కనీసం నాలుగింతలు పెంచాలి. శనగల కోసం నీరు కారని అర ఒకటి ఉండాలి. ముఖ్యంగా, ఆమె నడక ఆగకుండా వెనకనుంచి ఇతరులు తమ తమ వస్తువులు పెట్టుకోవడానికి, తీసుకోవడానికి వీలుగా విశాలమైన జిప్పు అమర్చాలి. ఆ జిప్పు తెరిచేటప్పుడు ఆమెకు చప్పుడు వినిపించకూడదు.